వెంట్రుకంత నెర్రె

చీమకుర్తి క్వారీ ఆఫీసులో
కారే ఏసీ కింద బకెట్ పెట్టి
దాని పక్కన నన్ను కూర్చోబెట్టారు, సోమవారం.
పని చిన్నదే అన్నారు:
అందరి ఫైళ్ళూ ఒక చోటికి చేర్చాలి,
పేర్లు సరిచేయాలి,
అంచున వేలాడే కామెంట్లు
ఒక్కోటీ చదివి మూసేయాలి.

"ఫైనల్" అని ఒకటుంది.
"ఫైనల్ కొత్తది" దాని తమ్ముడు.
"ఇదే అసలు ఫైనల్, జిలానీ చూడు" అని ఇంకొకటి.
జిలానీ ఇంతవరకూ చూళ్ళేదు.
"ఏప్రిల్ రాళ్ళు" తెరిస్తే ఆగస్టు డీజిల్ బిల్లులు.
పేరు లేని పత్రాలు పందొమ్మిది.
వాటిల్లో ఒకదాంట్లో ఎవరో
కొర్రమేను, పుల్ల మామిడికాయ,
చింతపండు కొంచెమే అని రాసి పెట్టుకున్నారు.
దాన్ని తుడిచేయడానికి చెయ్యి రాలేదు.

మా అమ్మ
టంగుటూరు పొగాకు బ్యారన్ల దగ్గర ఆకు గ్రేడు చేసేది.
కళ్ళతో కాదు, వేళ్ళతో.
ఇది ఈ కుప్ప, అది ఆ కుప్ప.
ఎటూ చెందని ఆకు ఒకటొస్తుంది మధ్యలో,
దాన్ని మాత్రం ఒళ్ళో పెట్టుకునేది,
సాయంత్రం వెలుగు తగ్గాక
మళ్ళీ చూద్దామని.

నాకు వెలుగెక్కువ. ఒళ్ళో లాప్‌టాప్.

ప్రభుదాసు గారి ప్రశ్న: "ఈ రేటు ఎవరేశారు?"
కింద నలుగురు: "నేను కాదు."
దాని కింద, ఐదు నెలల తర్వాత,
ఐదో మనిషి: "నేను కూడా కాదు."
"ఓకే సార్" అరవై మూడు సార్లు.
టిక్కు నొక్కితే
మాట పక్కకి జారి మాయమవుతుంది,
చప్పుడు కూడా రాదు.
హాయిగా ఉంటుంది, నిజం చెప్పాలంటే.
పేలు కుక్కినంత హాయి.

గురువారం, ఏదో వెతుకుతూ,
మూసినవాటి జాబితాలోకి పోయాను.

మాలకొండయ్యకు టైపు రాదు.
రాళ్ళకు నంబర్లేసే మనిషి,
ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని చెప్తాడు.
కామాలుండవు, చుక్కలుండవు,
వెనక కంప్రెసర్ మోత కూడా
అక్కడక్కడా అక్షరాలై పడుంటుంది:

"అమ్మా రెండొందల పద్నాలుగు పడమటి మూల
ఎంట్రుకంత నెర్రె ఉంది గర గర
నీళ్ళు పోస్తే కనపడద్ది ఆరేటప్పుడు చూడండి
ఓడకెక్కించబాకండి"

ఎవరో ఫోటో అడిగారు.
పెట్టాడు.
నల్లరాయి, దానినిండా బంగారు పొడి,
మూలన అతని బొటనవేలు.
"ఏమీ కనపడటం లేదు" అన్నారు కింద.
ఆపైన టిక్కు.
ఎవరు మూశారో చూశాను.

సోమవారం. పదకొండుంపావు. నా పేరు.

బకెట్లో నీళ్ళు చెంబుతో ముంచుకుని
యార్డులోకి నడిచాను.
లారీ రేపు. కృష్ణపట్నం.
ఎండకి కాలిపోతున్న రాయి మీద
చెంబెడూ ఒంపాను.
మాలకొండయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు,
తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ.
ఇద్దరం మాట్లాడకుండా
రాయి ఆరడం చూశాం.

మధ్యలో ఆరింది. అంచులారినై.
పడమటి మూల
ఒక్క గీత ఆరలేదు.
తడిగా, సన్నగా,
కాటుక పెట్టబోయి చెయ్యి జారినట్టు
అడ్డంగా ఉండిపోయింది.

ఆయన నన్నేమీ అనలేదు.
ఎర్ర పెయింటు డబ్బా మూత
ఉలితో లేపుతూ అడిగాడు:
"ఇట్టాంటివి ఇంకెన్ని మూశావు తల్లే?"

నూట నలభై ఏడు.

సాయంత్రం అన్నీ మళ్ళీ తెరిచాను.
అరవై మూడు ఓకేలు కూడా, ఏం చేయను,
దేనికింద ఏముందో తెలియదు.
ఎటూ చెందనివాటికి
కొత్త ఫోల్డర్ ఒకటి పెట్టాను.
పేరు "ఒడి".
చేపల పులుసు అందులోనే ఉంది.

పొద్దున్నే ప్రభుదాసు గారు:
"ఈ ఫోల్డర్ ఎవరు పెట్టారు?"

కింద ఖాళీ. కర్సర్ కొట్టుకుంటోంది.
"నేనే" అని రాశాను.